ఇంట్లో బిగించుకున్న పీసీ క్రాష్ అవుతోందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే బాధ మీద ఉన్నాయి. పార్టులు విడివిడిగా కొనుక్కుని, వీడియోలు చూసి, రాత్రంతా కూర్చుని బిగించుకున్న కంప్యూటర్, ఆన్ అవుతుంది, విండోస్ వస్తుంది, అంతా బాగానే ఉందనుకునే లోపు ఉన్నట్టుండి పడిపోతుంది. కంపెనీ పీసీ అయితే ఫోన్ చేసి మీరే చూసుకోండి అంటాం, మనం బిగించిందైతే అది మన నెత్తి మీదే ఉంటుంది. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండీ. నా పీసీకి వారానికి మూడు నాలుగుసార్లు బ్లూ స్క్రీన్ వస్తోంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, మొన్న పేజ్ ఫాల్ట్ అని వచ్చింది. విండోస్ మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చా, ఏం లాభం లేదు. విండోస్‌లో ఉండే మెమరీ టెస్ట్ పెడితే ప్రాబ్లమ్ ఏమీ లేదంది. ముందు రెండు ర్యామ్ స్టిక్కులు ఉండేవి, ఈమధ్య అదే కంపెనీవి ఇంకో రెండు కొని వేశా. ఇప్పుడు మదర్‌బోర్డ్ మార్చేద్దామనుకుంటున్నా, మార్చమంటారా?

జవాబు: మార్చొద్దండీ, ఇప్పుడే మార్చొద్దు. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

ప్రతిసారీ వేరే వేరే పేరుతో బ్లూ స్క్రీన్ రావడమే ఇక్కడ పెద్ద క్లూ. ఏదో ఒక డ్రైవర్ పాడైతే చాలావరకు అదే ఎర్రర్, అదే ఫైల్ పేరు పదేపదే వస్తుంది. ఇలా రోజుకో పేరు వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని, లేదా ర్యామ్‌తో మాట్లాడే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌ని. ఎందుకంటే ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే ఆ క్షణంలో ఆ చోట ఎవరి డేటా ఉంటే వాళ్లు పడిపోతారు, ఇవాళ బ్రౌజర్ ఉంటే బ్రౌజర్, రేపు విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ ఉంటే బ్లూ స్క్రీన్. బ్లూ స్క్రీన్ మీద కనిపించే పేరు దెబ్బ ఎక్కడ బయటపడిందో చెబుతుంది, కొట్టింది ఎవరో చెప్పదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే అనవసరంగా పార్టులు కొనడం చాలా తగ్గుతుంది.

ఇక నాలుగు స్టిక్కుల సంగతి. కొత్తవి అదే కంపెనీ, అదే స్పీడ్ అయినా విడిగా కొన్న రెండు ప్యాకెట్లు కలిసి పనిచేస్తాయని గ్యారంటీ ఏమీ ఉండదు, ఎందుకంటే ఒకే మోడల్ పేరుతో లోపల వేరే చిప్పులు వాడుతుంటారు. పైగా నాలుగు స్టిక్కులు వేస్తే మెమరీ కంట్రోలర్ మీద బరువు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో చూడండి, ఏఎమ్‌డీ తన రైజెన్ 7000 సిరీస్‌కి రెండు డీడీఆర్5 స్టిక్కులతో 5200 స్పీడ్ అఫీషియల్‌గా రాసింది, అవే నాలుగు వేస్తే 3600 అని రాసింది. మనమేమో బాక్స్ మీద 6000 అని ఉంది కదా అని నాలుగూ 6000లో పెట్టేస్తాం. బాక్స్ మీద ఉండే ఆ స్పీడ్ ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే, ర్యామ్ కంపెనీ ముందే రాసిపెట్టిన ప్రొఫైల్ ఆన్ చేస్తేనే వస్తుంది, అది నిజానికి ఓవర్‌క్లాకింగే, కాకపోతే ఒక్క క్లిక్‌తో అయిపోతుంది కాబట్టి మనకి అలా అనిపించదు.

కాబట్టి పైసా ఖర్చు లేకుండా చేయాల్సిన మొదటి పని, బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆఫ్ చేయడం. పీసీ కొంచెం స్లో అవుతుంది, పర్లేదు, మామూలుగా మీరు చేసే పనులే చేస్తూ ఒక వారం పైన చూడండి. క్రాష్‌లు ఆగిపోతే స్టిక్కులు పాడవ్వలేదేమో, ఆ స్పీడే మీ సిస్టమ్ మోయలేకపోతోందేమో. అప్పుడు పాత రెండు మాత్రమే ఉంచి ప్రొఫైల్ మళ్లీ ఆన్ చేసి చూడండి, లేదా నాలుగూ ఉంచి స్పీడ్ ఒక మెట్టు తగ్గించండి.

ఆఫ్ చేసినా క్రాష్ అవుతుంటే అప్పుడు గట్టి టెస్ట్ కావాలి. విండోస్‌లో ఉన్న టెస్ట్ చాలా తేలికైంది, అది బాగుందంటే నమ్మడానికి లేదు, బాగోలేదంటే మాత్రం కచ్చితంగా నమ్మాలి. మెమ్‌టెస్ట్86 గానీ మెమ్‌టెస్ట్86 ప్లస్ గానీ పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున లేచి చూస్తే ఎర్రర్ల సంఖ్య సున్నా ఉండాలి. ఒక్కటి ఉన్నా ఫెయిలే, ‘ఒక్కటే కదా’ అని సర్దుకునే విషయం కాదిది.

ఎర్రర్ వచ్చిందా, పీసీ ఆఫ్ చేసి, వెనక పవర్ సప్లై స్విచ్ కూడా ఆఫ్ చేసి, కేస్ ఇనుముని ఒకసారి చేత్తో ముట్టుకుని, స్టిక్కులన్నీ తీసేయండి. ఒక్కటే పెట్టండి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, చాలా బోర్డుల మీద అక్కడ ఏ2 అని రాసి ఉంటుంది. లాక్ టక్‌మని పడేదాకా రెండు చివరలా సమానంగా నొక్కండి, ఒకవైపే లాక్ ఉండే బోర్డుల్లో లాక్ లేని వైపు సగమే దిగి ఉండిపోతుంటుంది, అదే చూడాల్సిన చోటు. ఇలా ఒక్కో స్టిక్‌నీ అదే స్లాట్‌లో టెస్ట్ చేయండి. ఒక స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్ ఇస్తే స్టిక్ పాడైంది. ఒక స్లాట్‌లో ఏ స్టిక్ పెట్టినా ఎర్రర్ వస్తే స్లాట్ గానీ, బోర్డు గానీ, ప్రాసెసర్ గానీ. ఇలా స్లాట్ మీద అనుమానం వస్తే బోర్డు మార్చే ముందు కూలర్ స్క్రూలు ఒకసారి చూడండి, ఒకవైపు ఎక్కువ బిగిస్తే ప్రాసెసర్ సాకెట్‌లో సరిగ్గా ఆనక ఒక మెమరీ చానెల్ తిక్కగా ప్రవర్తించడం జరుగుతుంది. ఐమూలగా ఎదురెదురుగా ఉన్న స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి.

ఇంకో మాట, ఇది చాలామంది మర్చిపోతారు. పాడైన ర్యామ్‌తో మీరు ఇన్‌స్టాల్ చేసిన విండోస్ కూడా పాడై ఉండొచ్చు, కాపీ అయ్యే ఫైళ్లన్నీ ఆ ర్యామ్ గుండానే వెళ్తాయి కదా. అందుకే మీకు ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేకపోయింది. ముందు ర్యామ్ తేల్చుకోండి, తర్వాతే విండోస్ మళ్లీ వేయండి. ఈలోపు ముఖ్యమైన ఫొటోలు, ఫైళ్లు ఆ పీసీలో అటూ ఇటూ కాపీ చేయకండి, కాపీలో పాడైతే మీకు తెలియను కూడా తెలియదు.

ప్రశ్న: అన్నా, గేమ్ ఆడుతుంటే పీసీ ఠక్కున ఆగిపోయి దానంతటదే మళ్లీ ఆన్ అవుతోంది. బ్లూ స్క్రీన్ ఏమీ రాదు. విండోస్ ఎర్రర్లు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఉంది, దాని గురించి వెతికితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. జీపీయూ 70 డిగ్రీలు దాటట్లేదు. ప్రాసెసర్ స్ట్రెస్ టెస్ట్ గంటలు గంటలు నడిచింది, ఏం కాలేదు. సప్లై 650 వాట్, లెక్కేస్తే నాకు 450 కూడా అవసరం లేదు. మరి సప్లై అయ్యే చాన్స్ లేదు కదా?

జవాబు: ఉంది తమ్ముడూ, నువ్వు చెప్పిన గుర్తులన్నీ చూస్తే పవర్ వైపే ముందు చూడాలి.

ముందు ఆ 41 సంగతి తేల్చేద్దాం. అది జబ్బు పేరు కాదు, ‘పోయినసారి నేను సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండానే ఆగిపోయాను’ అని విండోస్ మళ్లీ లేచాక రాసుకున్న లైన్ అంతే. ప్లగ్ పీకేసినా అదే వస్తుంది. కాబట్టి దాని కోసం వెతికి లాభం లేదు. అయితే ఒక ఉపయోగం ఉంది, ఆ ఎంట్రీ డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉండి, సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ ఫోల్డర్‌లో ఆ టైమ్‌కి కొత్త ఫైల్ లేకపోతే, విండోస్‌కి ఎర్రర్ రాసుకునే టైమ్ కూడా దొరకలేదన్నమాట. అలా ఒక్క దెబ్బకి పోయేది చాలావరకు కరెంట్ దారిలో, అంటే సప్లై, కేబుళ్లు, కనెక్టర్లు, బోర్డు మీది పవర్ సర్క్యూట్, ఇవే.

450 వాట్ చాలు అనే లెక్క సగటు లెక్క. కొత్త గ్రాఫిక్స్ కార్డులు గేమ్‌లో మిల్లీసెకను కంటే తక్కువ సేపు వాటి రేటింగ్ కంటే చాలా ఎక్కువ లాగుతాయి, వెంటనే తగ్గుతాయి. ఈ కుదుపుల వల్లే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 స్పెసిఫికేషన్‌లో పెద్ద సప్లైలు తమ రేటింగ్‌కి రెండింతల లోడ్‌ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టారు. పాత డిజైన్ సప్లై అయితే అలాంటి కుదుపుకి ప్రొటెక్షన్ పడి ఆగిపోవచ్చు, లేదా వోల్టేజ్ ఒక్క క్షణం జారి ‘పవర్ బాగుంది’ అనే సిగ్నల్ పోతే బోర్డు రీసెట్ అయిపోతుంది. ప్రాసెసర్ స్ట్రెస్ టెస్ట్ గంటలు నడిచినా బయటపడకపోవడానికి కారణం అదే, ఆ లోడ్ ఎక్కువే గానీ నిలకడగా ఉంటుంది, కుదుపులుండవు.

ఇప్పుడు చేతిలో డబ్బు పెట్టకుండా చేసే టెస్ట్. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసి జీపీయూ పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించు, గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌కి 60 దగ్గర కళ్లెం వెయ్యి. అదే గేమ్, అదే సీన్ ఆడు. ఆగిపోవడం మానేసిందా, అయితే అనుమానం పవర్ దారి మీదే బలపడింది. మానలేదంటే వేరే చోట చూడాలి.

తర్వాత కేస్ తెరిచి గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే కేబుల్ చూడు. రెండు 8 పిన్ సాకెట్లు ఉన్న కార్డుకి ఒకే కేబుల్‌కి తోకలా ఉన్న రెండో ప్లగ్‌తో ఇచ్చావా? చాలామంది అలాగే ఇస్తారు, కేబుల్ తక్కువ కనిపిస్తుందని. ఒక్కో 8 పిన్ కనెక్టర్‌కి లెక్క 150 వాట్, ఎక్కువ లాగే కార్డుకి సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగు. ప్లగ్ తీసినప్పుడు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగిందేమో, ఒక పిన్ లోపలికి జరిగిపోయిందేమో టార్చ్ వేసి చూడు, మాడిన రంగు కనిపిస్తే ఆ కేబుల్ మళ్లీ వాడకు. సప్లై వైపు చివర కూడా తీసి మళ్లీ గట్టిగా పెట్టు, మాడ్యులర్ సప్లైల్లో అక్కడే సగం దిగి ఉంటాయి.

మల్టీమీటర్ ఉంటే 12 వోల్టుల లైన్ 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, అది ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం లెక్క. బయట ఉంటే సప్లై బాగోలేదు. లోపల ఉంటే మాత్రం బాగుందని కాదు, ఎందుకంటే నేను చెప్పిన ఆ కుదుపుని మల్టీమీటర్ పట్టుకోలేదు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్ అసలే పట్టుకోలేదు. చివరికి తేల్చేది ఇంకో మంచి సప్లై పెట్టి చూడడమే, తెలిసినవాళ్ల దగ్గర ఒకరోజుకి అడిగి తెచ్చుకో.

తెచ్చుకున్నప్పుడు ఒక్క విషయం, దయచేసి దీన్ని రెండుసార్లు చదువు. సప్లై మార్చితే దాని కేబుళ్లన్నీ కూడా మార్చాలి. పాత కేబుళ్లు ఎలాగూ కేస్‌లో లాగి ఉన్నాయి కదా అని కొత్త సప్లైకి తగిలించకూడదు. సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా, ఒకే కంపెనీలో మోడల్‌కో రకంగా ఉంటుంది, ప్లగ్ మాత్రం చక్కగా పట్టేస్తుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వెళ్తే డ్రైవ్ అక్కడికక్కడే చచ్చిపోతుంది, డేటాతో సహా. అలాగే సప్లై డబ్బా విప్పి రిపేర్ చేసే ఆలోచన అసలు వద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జ్ నిలిచి ఉంటుంది.

చివరగా చిన్నది. కేస్ ముందున్న రీసెట్ బటన్ వైర్లు బోర్డు నుంచి పీకేసి ఒకరోజు వాడి చూడు. బటన్ ఇరుక్కున్నా, వైరు ఎక్కడైనా నలిగినా సరిగ్గా నువ్వు చెప్పినట్టే, ఏ ఎర్రర్ లేకుండా రీస్టార్ట్ అవుతుంది. అరుదే గానీ, చూడ్డానికి ఒక్క నిమిషం కూడా పట్టదు.

ప్రశ్న: నాది రివర్స్ కేసు. భారీ గేములు ఎంతసేపు ఆడినా ఏం కాదు, ఊరికే వదిలేసి భోజనానికి వెళ్లి వస్తే రీస్టార్ట్ అయి ఉంటుంది, బ్రౌజర్‌లో ఏదో చదువుతుంటే ఫ్రీజ్ అవుతుంది. రైజెన్ ప్రాసెసర్. వేడి తగ్గుతుందని ఒక వీడియో చూసి బయోస్‌లో వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 30 పెట్టా, కానీ బెంచ్‌మార్కులన్నీ పాస్ అయ్యాయి.

జవాబు: ఆ మైనస్ 30 తీసి సున్నా చేయండి, ముందు అదే చేయండి. లోడ్ ఎక్కువ ఉన్నప్పుడు కోర్లన్నీ కలిసి కొంచెం తక్కువ స్పీడ్‌లో నడుస్తాయి, మీరు తగ్గించిన వోల్టేజ్ అక్కడ సరిపోతుంది. పని లేనప్పుడు ఏదో చిన్న పని రాగానే ఒకే ఒక్క కోర్ ఒక్కసారిగా అన్నిటికంటే ఎక్కువ స్పీడ్‌కి ఎగురుతుంది, ఆ ఎగిరే క్షణంలో వోల్టేజ్ చాలదు, అక్కడే పడిపోతోంది. చాలా బెంచ్‌మార్కుల్లో ఆ పరిస్థితి రాదు కాబట్టి పాస్ అవుతాయి. ఇద్దరి ప్రాసెసర్లు ఒకే మోడల్ అయినా ఒకే నంబర్ పనికి రాదు, అసలు ఒకే ప్రాసెసర్‌లో రెండు కోర్లకే ఒకే నంబర్ కుదరదు.

ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18 అనే హార్డ్‌వేర్ ఎర్రర్ ఉందేమో చూడండి, అందులో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక నంబర్ ఉంటుంది. ప్రతిసారీ అదే నంబరో, దాని పక్కదో వస్తుంటే ఆ ఒక్క కోర్ తట్టుకోలేకపోతోందని అర్థం. వోల్టేజ్ తగ్గించాలని అంత ఉంటే తర్వాత కోర్ సైక్లర్ అనే టూల్‌తో ఒక్కో కోర్‌ని విడిగా టెస్ట్ చేసుకుంటూ, మైనస్ 5, మైనస్ 10 అలా చిన్నగా వెళ్లండి.

సున్నా చేశాక కూడా ఖాళీగా ఉన్నప్పుడు ఆగిపోతుంటే బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటుంది, దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌లో పెట్టండి. కొన్ని పాత సప్లైలు మరీ తక్కువ లోడ్‌లో నిలకడగా ఉండవు, దాని కోసం పెట్టిన ఆప్షన్ అది. దాంతోనూ పోకపోతే, మీ ప్రాసెసర్ ఫ్యాక్టరీ సెట్టింగుల్లోనే నిలబడట్లేదేమో, వారంటీలో పంపండి.

ప్రశ్న: కొత్త గేమ్ ఓపెన్ చేయగానే వీడియో మెమరీ చాలదని ఎర్రర్ ఇచ్చి మూసుకుపోతోంది, నా కార్డులో 16 జీబీ ఉంది! పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు కూడా ఒక్కోసారి డేటా తప్పుగా ఉందని సీఆర్‌సీ ఎర్రర్ అంటుంది, అదే ఫైల్ మళ్లీ విప్పితే వచ్చేస్తుంది. కార్డు పాడైందా?

జవాబు: కార్డు అనుకోవట్లేదు. అదే ఫైల్ ఒకసారి విప్పితే తప్పు, మళ్లీ విప్పితే ఒప్పు అంటే ఫైల్ బాగానే ఉంది, లెక్క కట్టేవాడే తప్పుతున్నాడు, అంటే ప్రాసెసర్ లేదా ర్యామ్. గేములు కూడా మొదలయ్యేటప్పుడు షేడర్లని, అంటే బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములని విప్పి కంపైల్ చేస్తాయి, ఆ పని ప్రాసెసర్‌దే, అది తప్పితే గేమ్‌కి ఏం చెప్పాలో తెలియక వీడియో మెమరీ మీద పడుతోంది. చూశారా, ఇక్కడ కూడా అరిచేవాడు ఒకడు, కారణం ఇంకొకడు.

మీరు ప్రాసెసర్ ఏదో రాయలేదు. అది గనక ఇంటెల్ 13వ లేదా 14వ జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయి, 65 వాట్ లేదా అంతకంటే ఎక్కువ రకమైతే, ఈ లక్షణాలు సరిగ్గా సరిపోతాయి. అవసరం కంటే ఎక్కువ వోల్టేజ్ అడగడం వల్ల వాటిలో కొన్ని మెల్లగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ సంస్థే ఒప్పుకుంది, ఆగస్టులో జీరో ఎక్స్ 129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్), సెప్టెంబర్‌లో జీరో ఎక్స్ 12బి ఇచ్చింది, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. ఆ మైక్రోకోడ్ మీ బోర్డు కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్‌లో వస్తుంది. అప్‌డేట్ చేసి, బయోస్‌లో పవర్ సెట్టింగులు ఇంటెల్ డిఫాల్ట్‌లో పెట్టండి, బోర్డు కంపెనీలు పెట్టే ‘లిమిట్ లేదు’ సెట్టింగుల్లో వదలొద్దు.

అయితే అప్‌డేట్ ఇకమీదట పాడవ్వకుండా కాపాడుతుందే గానీ ఇప్పటికే పాడైనదాన్ని బాగుచేయదు. అప్‌డేట్ తర్వాత కూడా ఎర్రర్లు వస్తుంటే ఓపిక పట్టొద్దు, వారంటీలో మార్పించుకోండి. స్పీడ్ తగ్గించి నెట్టుకొస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ డబ్బిచ్చి కొన్న స్పీడ్ అది, వదులుకోవాల్సిన పనిలేదు. ప్రాసెసర్ వేరేదైతే మాత్రం మొదటి జవాబులో చెప్పిన ర్యామ్ టెస్ట్ నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: మధ్యమధ్యలో అంతా బిగుసుకుపోతుంది, మౌస్ కదులుతుంది కానీ ఏదీ ఓపెన్ అవ్వదు, రీసెట్ కొడితే బూట్ డ్రైవ్ లేదంటుంది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే మామూలే.

జవాబు: ముందు బ్యాకప్. ఈ జవాబు పూర్తిగా చదివేలోపే మొదలుపెట్టినా మంచిదే, ఆ డ్రైవ్ ఇవాళ కనిపించింది కదా అని రేపు కనిపిస్తుందని లేదు.

తర్వాత డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో చూడండి. సాటా డ్రైవ్ అయితే సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అనే వరస పెరుగుతుంటే చాలావరకు తప్పు డ్రైవ్‌ది కాదు, డేటా కేబుల్‌ది, ఇంకో కేబుల్ వేస్తే పెరగడం ఆగుతుంది. ఎం.2 డ్రైవ్ అయితే తీసి మళ్లీ పెట్టండి, స్క్రూ బిగించకపోతే ఒక చివర లేచి కాంటాక్ట్ పోతుంది, ఇంకో స్లాట్ ఉంటే అందులో పెట్టి చూడండి. హీట్‌సింక్ కింద ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించారేమో కూడా చూడండి. ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే బ్యాకప్ అయ్యాకే వేయండి.

ప్రశ్న: కొత్తగా బిగించా, పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు రెండు సెకన్లు తిరిగి ఆగిపోతాయి, మళ్లీ తిరుగుతాయి, మళ్లీ ఆగుతాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఏడుపొస్తోందండీ, అన్నీ కొత్త పార్టులే.

జవాబు: కంగారు పడకమ్మా, కొత్త పార్టుల్లో పాడైన పార్టు కంటే సరిగ్గా కూర్చోని పార్టే ఎక్కువ.

డీడీఆర్5 అయితే ముందు ఒక పని చేసి చూడు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ని ట్రైన్ చేసుకుంటుంది, అంటే దాంతో ఎలా మాట్లాడాలో సరిచూసుకుంటుంది, స్క్రీన్ నల్లగా ఉండి చాలా నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో ఒకట్రెండుసార్లు రీస్టార్ట్ కూడా అవుతుంది. ఒక పావుగంట దాన్ని ముట్టుకోకుండా వదిలేయి. బోర్డు మీద చిన్న లైట్లు ఉంటాయి, సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని, చివరికి ఏ లైట్ దగ్గర ఆగిపోతోందో రాసుకో.

రెండు సెకన్లకోసారి ఆగి తిరుగుతూనే ఉంటే అది ట్రైనింగ్ కాదు. బోర్డు పైన ఎడమ మూల దగ్గర ప్రాసెసర్‌కి విడిగా 8 పిన్ పవర్ ఉంటుంది, అది పెట్టావా? అది గ్రాఫిక్స్ కార్డు 8 పిన్‌లాగే ఉంటుంది కానీ వేరు, ఆ వైరు మీద సీపీయూ అని రాసి ఉన్నదే పెట్టాలి. కూలర్ ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని ఉన్న పిన్నులకే వెళ్లిందా?

అది బాగుంటే మొత్తం కేస్‌లోంచి బయటికి తీయి. మదర్‌బోర్డ్ వచ్చిన అట్టపెట్టె మీద బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్, సప్లై, అంతే. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా. పవర్ బటన్ పిన్నులు రెండిటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకిస్తే ఆన్ అవుతుంది. బయట పనిచేసి కేస్‌లో పనిచేయకపోతే కేస్‌లోనే ఏదో బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతోంది, చాలావరకు అది బోర్డు కింద అక్కర్లేని చోట మిగిలిపోయిన ఇత్తడి స్టాండాఫ్, అంటే బోర్డుని కేస్‌కి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాలు. బోర్డుకి ఎన్ని రంధ్రాలున్నాయో, సరిగ్గా వాటి కింద మాత్రమే స్టాండాఫ్‌లు ఉండాలి.

బయట కూడా అలాగే చేస్తే కూలర్ తీయాలి. తీసినప్పుడు కింద పేస్ట్ ఎలా పరుచుకుందో చూడు, ఒకవైపు మందంగా, ఒకవైపు అసలు అంటకుండా ఉంటే కూలర్ వంకరగా కూర్చుంది. పేస్ట్ కూలర్‌కి అంటనే అంటకుండా మెరుస్తూ ఉంటే ప్లాస్టిక్ స్టిక్కర్ తీయలేదన్నమాట. ప్రాసెసర్ ఎత్తి సాకెట్‌లోకి టార్చ్ పక్కనుంచి కొట్టి చూడు, పిన్నులన్నీ ఒకేలా మెరవాలి, ఒక్కటి వేరే వైపు మెరిసినా అది వంగిందని. వంగిన పిన్‌ని నువ్వు సరిచేయకు, చెయ్యి అదిరితే పక్కవి కూడా పోతాయి, ఫొటో తీసి చేయి తిరిగినవాళ్లకి ఇవ్వు. ఇవన్నీ బాగుంటే ఏ లైట్ దగ్గర ఆగిందో ఆ పార్టుని కొన్నచోట మార్చమని అడుగు.

ప్రశ్న: ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోంది, క్రాష్‌లకి అదే కారణమా?

జవాబు: రైజెన్ 7000లో ఎక్స్ రకాలైతే ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలా ఏఎమ్‌డీయే డిజైన్ చేసింది, అక్కడికి చేరాక స్పీడ్ తగ్గించుకుంటాయి, క్రాష్ అవ్వవు. ఏ పనీ లేనప్పుడే 80, 90 ఉంటే, లేదా ఆన్ చేసిన నిమిషంలోనే పైకి పోయి ఆగిపోతుంటే మాత్రం కూలర్ ఆనలేదు, లేదా లిక్విడ్ కూలర్ పంపు తిరగట్లేదు. బయోస్‌లో పంపు స్పీడ్ సున్నా చూపిస్తే దాని వైరు ఎక్కడ పెట్టారో చూసుకోండి.

ప్రశ్న: సార్, మీరు మామూలుగా చెప్పేవన్నీ నేను చేసేశా. ర్యామ్ టెస్ట్ క్లీన్, టెంపరేచర్లు మామూలు, విండోస్ కొత్తది. అయినా రెండు వారాలకోసారి ఫ్రీజ్ అవుతుంది. ఒక్కోసారి ఏదో మారిస్తే పోయిందనుకుంటా, వారం తర్వాత సంబరపడేలోపు మళ్లీ వస్తుంది. పిచ్చెక్కుతోంది.

జవాబు: అన్నిటికంటే కష్టమైన కేసు ఇదే, మీ విసుగు అర్థమైంది. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతోందంటే, రెండు వారాలకోసారి వచ్చే క్రాష్‌కి ఒక వారం రాకపోతే అది ఏమీ నిరూపించదు, మీరు ఏమీ మార్చకపోయినా ఆ వారం రాదు కదా. మామూలుగా క్రాష్‌కి క్రాష్‌కి మధ్య ఎంత గ్యాప్ ఉందో దానికి మూడింతలైనా ఆగాలి, అంటే మీకు ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో రెండో మార్పు చేయకూడదు, బయోస్ అప్‌డేట్ కూడా వద్దు, డ్రైవర్ కూడా వద్దు, చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, టైమ్, ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, సౌండ్ ఆగిపోయిందా లేక ఒకే ముక్క గిర్రున తిరిగిందా, కీబోర్డ్‌లో క్యాప్స్ లాక్ నొక్కితే లైట్ వెలిగిందా లేదా, ఎలా ఆన్ అయింది, అన్నీ. క్యాప్స్ లాక్ లైట్ వెలుగుతుంటే విండోస్ ఇంకా బతికే ఉంది, డిస్‌ప్లే గానీ డ్రైవ్ గానీ ఆగిపోయిందని అనుమానించొచ్చు. వెలగకపోతే సిస్టమ్ మొత్తం బిగుసుకుంది, అప్పుడు ప్రాసెసర్, బోర్డు, పవర్ వైపు చూడాలి. పక్కన విండోస్‌లోనే ఉండే రిలయబిలిటీ మానిటర్ తెరిస్తే ఏ రోజు ఏం ఇన్‌స్టాల్ అయింది, ఏం క్రాష్ అయింది రోజుల వారీగా ఒకే చోట కనిపిస్తుంది, మీ నోట్స్‌తో కలిపి చూడండి.

మార్చే వరస నేనైతే ఇలా పెట్టుకుంటా. ఖర్చు లేనివి ముందు, అంటే ఎక్స్‌ఎంపీ ఆఫ్, అన్ని వోల్టేజ్ మార్పులూ సున్నా, అక్కర్లేని యూఎస్‌బీ పరికరాలన్నీ పీకేయడం. తర్వాత అడిగి తెచ్చుకోగలిగినవి, సప్లై మొదట, ర్యామ్ తర్వాత, కార్డు ఆ తర్వాత. బోర్డు, ప్రాసెసర్ చివర, ఎందుకంటే వాటిని మార్చాలంటే అంతా విప్పాలి, విప్పి బిగించడంలోనే ఏదో వదులు ప్లగ్ సరైపోయి క్రాష్ ఆగిపోతే పాత బోర్డుదే తప్పనుకుంటాం. అందుకే బోర్డు మార్చేముందు పాత బోర్డునే ఒకసారి పూర్తిగా విప్పి, దుమ్ము దులిపి, అన్ని ప్లగ్గులూ మళ్లీ బిగించి ఆ ఆరు వారాలూ చూడండి. అప్పటికీ వస్తే ఆ నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ నాకు పంపండి, ఎర్రర్ పేర్లు మాత్రమే కాదు, టైములతో సహా.